నాలుగో అంతస్తులో నారింజ చుక్కలు

రాత్రి పదిన్నరకి సింగసంద్రలో
హోసూరు రోడ్డు ఇంకా లారీలతో దగ్గుతుంటుంది.
నాలుగో అంతస్తులో మాత్రం ఎవరూ ఉండరు,
నూట పన్నెండు నారింజ చుక్కలు తప్ప.

మానిటర్లవి.
ముఖం నల్లగా పెట్టుకుని
కన్ను మాత్రం మూయని రకం.
పనిలో చేరిన కొత్తలో భయమేసేది,
చీకట్లో పిల్లుల గుంపేదో కూర్చుని
నా చీపురునే చూస్తున్నట్టు.

"నిద్రపోతున్నాయి ఓబుళమ్మా," అన్నాడు
కరెంటు పనిచేసే మస్తానయ్య.
"నిద్రలోనూ తింటాయి.
కొంచెమే. కానీ నోళ్లెన్ని ఉన్నాయో చూడు."
సంచీలోంచి చిన్న మీటరు తీసి
గోడకి తగిలించి చూపించాడు.
అక్షరాల దగ్గర తడబడతాను గానీ అంకెలు నాకు బాగా వచ్చు.
సున్నా కాదు.
అదొక్కటి అర్థమైంది.

మంగమ్మనపాళ్యలో మా ఇంట్లో
ఫ్రిజ్జు తలుపు తీసి పట్టుకుని ఆలోచిస్తే
ఎవరి వీపు మీదైనా ఒకటి పడుతుంది.
ఇక్కడ ఎవరి వీపని వెతకను?

ఆ రాత్రే మొదలుపెట్టాను.
ఒక చేతిలో తడిగుడ్డ,
పొడి చెయ్యి స్విచ్చి మీద.
బల్లల కిందికి వంగి, తీగల పేగులు పక్కకి తోసి
ఒక్కో చుక్కా ఆర్పుతుంటే
వంట దిగాక పొయ్యిలోంచి కొరకంచులు లాగి
రేపటికి మిగలాలని నీళ్లు చిలకరించినట్టుండేది.
సుయ్యిమన్న చప్పుడే లేదు,
అంతే తేడా.

మూడో వారం తప్పు చేశాను.
కిటికీ పక్క సీటు ఫర్జానా
తెల్లారేసరికి లెక్క తేల్చమని
తన యంత్రానికి ఏదో పెద్ద పని అప్పజెప్పి వెళ్లిందట.
నేను దాని గొంతు నొక్కేశాను.
పొద్దున ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు,
కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.
అరిచుంటే బాగుండేది.

మర్నాడు ఎర్ర రిబ్బను కొనుక్కొచ్చాను,
మూర పది రూపాయలు, నా డబ్బే.
"ఇది కట్టి వెళ్లమ్మా, కట్టినదాన్ని నేను ముట్టను."
ఇప్పుడు ఏ రాత్రి చూసినా
నలుగురో ఐదుగురో బడిపిల్లలు
రిబ్బన్లు కట్టుకుని మేలుకుని చదువుతుంటారు.
మిగతా క్లాసంతా నిద్ర,
అసలైన నిద్ర.

కాగితాల సంగతి వేరు.
ప్రింటరు పక్కన చెత్తబుట్టలో
ఒకవైపే అచ్చుపడినవి, రోజూ దిండంత.
నా మనవరాలి ఎక్కాలకి పనికొస్తాయని
నాలుగు మడిచి సంచీలో పెట్టుకుంటే
గేటు దగ్గర పట్టుకున్నారు.
కంపెనీ రహస్యాలంట.
తెల్లగా ఉన్న వైపు కూడా రహస్యమేనా సార్,
అని అడిగాను.
నవ్వారు. కాగితాలు మాత్రం వెనక్కి తీసుకున్నారు,
మిషన్లో వేసి సేమ్యా చేశారు.

నెల తిరిగి బిల్లు తగ్గింది.
ఎంతో నాకు చెప్పలేదు.
శ్రీవత్స సారు అందర్నీ నిలబెట్టి
గ్రీన్ టీముకి చప్పట్లు కొట్టించాడు.
టీములో ఎవరున్నారో చూద్దామని నేనూ తొంగి చూశాను,
చీపురు చంకలో ఉండబట్టి
చప్పట్లు సరిగా కొట్టలేకపోయాను.

మిగిలిన డబ్బుతో
లిఫ్టుకెదురుగా గోడంత తెర పెట్టారు.
అందులో ఒక పచ్చటి ఆకు,
ఊగుతూ ఉంటుంది.
కింద ఏం రాసుందో మస్తానయ్య చదివిపెట్టాడు:
ప్రతి యూనిట్టూ విలువైనదే.

రాత్రంతా ఊగుతుంది.
రిమోటు సారు సొరుగులో,
సొరుగుకి తాళం,
తాళంచెవి సారుతో పాటు జయనగర్లో.

పదకొండు దాటింది.
అంతస్తులో నేనూ, ఆ ఆకూ.
దుమ్ము ఎక్కడున్నా తుడవాలి కదా,
తెర వెనక్కి చెయ్యి పోనిచ్చాను.
గోడ వెచ్చగా ఉంది.
ఇంకొంచెం లోపలికి వెళితే
వేలికి స్విచ్చి తగిలింది.

ఒక్కసారి ముందుకొచ్చి
ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాను.

దీనికెవరూ రిబ్బను కట్టలేదు.